చకావో దాటే అరగంట

"సముద్రం గురించి మాత్రం రాయొద్దు,"
అంది ఒటిలియా, మొదటి గురువారమే.
అంకుద్ లైబ్రరీ మేడమీద
కట్టెల పొయ్యి చుట్టూ ఏడుగురం.
ఒకావిడ నర్సు.
ఒకాయన సాల్మన్ ఫ్యాక్టరీలో రెండు వేళ్లు వదిలేసి వచ్చినవాడు.
ఒక కుర్రాడు, వెచ్చగా ఉంటుందని వచ్చానని
సిగ్గుపడకుండా ఒప్పుకున్నాడు.
నేను ఫెర్రీలో టికెట్లు చింపేవాణ్ని.
సముద్రం కాకపోతే ఇంకేం తెలుసు నాకు?
"అందులో వాంతి చేసుకున్నవాడి గురించి రాయి,"
అంది ఆవిడ, పొయ్యిలోకి కట్టె తోస్తూ.

ఇటు పర్గువా, అటు చకావో,
నడుమ అరగంట నీళ్లు.
టికెట్లకు పది నిమిషాలు, తాళ్లకు ఐదు.
మిగిలిన పావుగంటను ఇరవై రెండేళ్లుగా
ఏం చేశానో దేవుడికే ఎరుక.
ఇప్పుడు కోటు గుండీకి దారం,
దారానికి పెన్సిలు.
మా వాన ముందు ఏ సిరా నిలవదు.
అయిపోయిన టికెట్ పుస్తకాల అట్టలే కాగితం.

మొదటి నెలంతా నీళ్లు నమిలాను.
చెప్పినా వినకుండా
'కెరటాలు రోదిస్తున్నాయి' అని రాశాను.
ఒటిలియా ఆ మాట చుట్టూ సున్నా చుట్టి
పక్కన చిన్న అక్షరాలతో అడిగింది:
నువ్వు విన్నావా?
వినలేదు.
విన్నది ఇంజను మోత.
క్యాంటీన్లో నూనె చిటపట.
స్టీరింగు మీద తల వాల్చిన డ్రైవరొకడు
నిద్రలో ఎవరికో బాకీ లెక్క చెప్పడం.

మర్నాడు రాశాను:
'మూడో ట్రిప్పు. లారీ నిండా గొర్రెలు.
ఒకటి మాత్రం రేవు కనపడేదాకా
నా బూట్లనే చూసింది.'
"ఈ గొర్రె బతికింది," అంది ఒటిలియా.
ఆ రాత్రి ఇంటికి నడుస్తూ
వానలో టోపీ పెట్టుకోవడం మర్చిపోయాను.

చెయ్యి తిరగడమంటే ఏదో వరమనుకునేవాణ్ని.
తిరిగేది ఫెర్రీ.
నేను రాసినా రాయకున్నా తిరుగుతుంది.
దాని వెంట చెయ్యి కూడా, పాపం,
ఎక్కడికి పోతుంది?

జూన్‌లో తుఫాను. నాలుగు రోజులు రేవు మూసేశారు.
వంటింటి బల్ల దగ్గర కూర్చుంటే ఒక్క ముక్క రాలేదు.
నేల కదలదు, కప్పు జారదు,
ఎవరూ టికెట్టు చూపించరు.
రెండో రోజు పాత వ్యాను తీసుకెళ్లి
ర్యాంపు చివర ఆపి
ఇంజను ఆన్‌లో ఉంచి, వైపర్లు ఆడిస్తూ
సరిగ్గా అరగంట కూర్చున్నాను.
మా అక్క ఎల్సిరాకి ఎవరో ఫోను చేశారట,
నీ తమ్ముడికి ఏదో అయిందని.
అయింది.
పద్నాలుగు వాక్యాలు. పదకొండు కొట్టేశాను.

వంతెన స్తంభాలు లేస్తున్నాయి.
అది పూర్తయితే మూడు నిమిషాల్లో దాటేస్తామట.
మూడు నిమిషాల్లో నేనేం రాస్తానని
గురువారం అడిగాను.
"బండి నడుపుతూ ఏమీ రాయకు," అంది ఒటిలియా.
అందరూ నవ్వారు, కుర్రాడు తప్ప.
వాడు తలొంచుకుని, నాలిక కొన పళ్ల మధ్య నొక్కిపట్టి
ఏదో రాసుకుంటున్నాడు.
పొయ్యికి చాలా దూరంగా కూర్చున్నాడు.

నిన్న, ఆరో ట్రిప్పు.
బంగాళదుంపల బస్తా మీద కూర్చున్న
ముసలి ఫిదేలియా అడిగింది:
"రోజూ చూస్తున్నా, అట్టల మీద ఏంటది?
నన్నేమైనా రాస్తున్నావా?"
లేదన్నాను.
ఆమె తలగుడ్డ సరిచేసుకుంది.
గడ్డానికంటిన మన్ను మోచేత్తో తుడుచుకుంది.
"రాస్తే రాయిగానీ, బరువు తప్పు రాయకు.
నలభై కిలోలు. నేనే మోశాను."

ఆమె అటు తిరిగాక అట్ట తీసి చూసుకున్నాను.
ముప్ఫై అని ఉంది.
రబ్బరు ఇంట్లో మర్చిపోయాను.
వేలు ఉమ్ముతో తడిచేసి
రుద్దుతూ కూర్చున్నాను,
తాళ్లు పట్టుకోమని
చకావో రేవు నుంచి ఎవరో అరిచేదాకా.